అమ్మ మంచం దగ్గరికి నాన్నగారి గొంతు చేర్చినవారికి

మా వీధి చివరి ఇంట్లో ఉండే బాబాయిగారికి, పూణెలో ఉన్న మా మేనకోడలికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. ఫోనులో చెప్పిన మాట నాకు తృప్తినివ్వలేదు.

నాన్నగారు పద్యాలు పాడి దాచుకున్న క్యాసెట్లు అరవై ఉన్నాయి. వాటిని నిరుడు కంప్యూటర్‌లోకి ఎక్కించాం. గంట పాటకు సుమారు 600 మెగాబైట్లు, మొత్తం 36 గిగాబైట్లకు పైనే. అవన్నీ మేడమీది డెస్క్‌టాప్‌లో ఉన్నాయి. రోజూ సాయంత్రం ఒక క్యాసెట్టు తీసుకుని అందులోని గరగర శబ్దం తగ్గిస్తున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేదు. కింద ఆమె మంచం పక్కన ల్యాప్‌టాప్ పెట్టాం. పైన నేను బాగుచేసిన పద్యం కింద ఆమె అప్పటికప్పుడే వినాలని నా కోరిక. రెండింటికీ వైఫై ఉంది, రెండింటిలోనూ ఇంటర్నెట్ వస్తోంది. అయినా ల్యాప్‌టాప్‌లో ఎంత వెతికినా డెస్క్‌టాప్ పేరే కనిపించలేదు.

పాత సూచనలు చదివి, ఇంట్లోని కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకోవడానికి విండోస్‌లో ఉండే హోమ్‌గ్రూప్ కోసం రెండు సాయంత్రాలు వెతికాను. దాన్ని 2018లోనే విండోస్ 10 నుంచి తీసేశారని తర్వాత తెలిసింది. ఆపైన ఒక మరమ్మతు మనిషిని పిలిపించాను. ఆయన బయటి దాడులను అడ్డుకునే ఫైర్‌వాల్ ఆపేశారు, నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ 1 అనే పాత పద్ధతిని తిరిగి తెరిచారు. అయినా పని కాకపోయేసరికి డెస్క్‌టాప్ ఫార్మాట్ చేయాలన్నారు, అంటే అందులో ఉన్నవన్నీ చెరిపేయాలని. నాన్నగారి గొంతు ఉన్న డిస్కు అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు బాబాయిగారు వచ్చారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి. వస్తూనే ఫైర్‌వాల్ మళ్లీ పెట్టించారు, ఎస్ఎంబీ 1 మూయించారు. 2017 మే నెలలో ప్రపంచమంతా కంప్యూటర్లను తాళం వేసి డబ్బు అడిగిన వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రాం, ఆ పాత పద్ధతిలోని లోపం గుండానే పాకిందట. "తలుపు తెరుచుకోవడం లేదని గోడ పడగొట్టకూడదమ్మాయీ" అన్నారు. ఆయనకు నేను ముందుగా రుణపడింది ఈ మాటకే. ఆ తొందర పనితో పద్యాలు ఎలాగో కిందికి వచ్చి ఉంటే, ఆ తలుపులు అలాగే తెరిచి ఉంచేదాన్ని.

తర్వాత రెండు యంత్రాల్లోనూ, నెట్‌వర్క్‌లో యంత్రం చిరునామా చూపించే ఐపీకాన్ఫిగ్ అనే ఆదేశం కొట్టించి, వచ్చిన అంకెలను క్యాలెండర్ కాగితం వెనక రాశారు. కింద 192.168.1.5. పైన 192.168.0.102. రెండింటిలో వేరుగా ఉన్న మూడో అంకె కింద గీత గీసి, మేడమీద ఇంకో రౌటర్ ఉందా అని అడిగారు. ఉంది. స్లాబు దాటి సిగ్నల్ సరిగా అందడం లేదని రెండేళ్ల క్రితం పెట్టించాం. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చాం కాబట్టి ఇల్లంతా ఒకటే నెట్‌వర్క్ అనే నమ్మకంతో ఉన్నాను. "ఒకే ఇంట్లో రెండు ఎక్స్ఛేంజీలు పెట్టారు. పైనుంచి కిందికి కాల్ వెళుతుంది. కిందినుంచి పైకి రాదు" అన్నారాయన. రెండో రౌటర్ తన వెనక ఉన్న యంత్రాలను కిందివారి నుంచి దాచేస్తోంది. నెల రోజులుగా ఎవరికీ అంతుపట్టని విషయం ఆ ఒక్క గీతతో తేలిపోయింది.

పై రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చారు. అంటే చిరునామాలు పంచే పని ఇక కింది పెట్టెదే, పైది సిగ్నల్ అందిస్తుందంతే. ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే, దాని చిరునామాను కింది పెట్టె వరుసలోనే వేరేగా పెట్టి, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి, కేబుల్‌ను ఇంటర్నెట్ వచ్చే వాన్ పోర్టు నుంచి ఇంట్లోని యంత్రాలు తగిలించే లాన్ పోర్టులోకి మార్చినా సరిపోతుందని చెప్పారు. డెస్క్‌టాప్‌కు ఈసారి 192.168.1.7 వచ్చింది. విండోస్ దీన్ని కొత్త నెట్‌వర్క్‌గా చూసి పబ్లిక్, అంటే నమ్మకూడని బయటి నెట్‌వర్క్ అని గుర్తు పెట్టుకుంది, అందుకే ఇంకా కనిపించలేదు. రెండు చోట్లా ప్రైవేట్‌కు మార్చి, యంత్రాలు ఒకదానికొకటి కనిపించేలా చేసే నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ షేరింగ్ ఆన్ చేశాక డెస్క్‌టాప్ పేరు ల్యాప్‌టాప్ తెరమీద ప్రత్యక్షమైంది.

ఆ రాత్రే ఇంకో అడ్డు. పేరు మీద నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. రోజూ డెస్క్‌టాప్ తెరవడానికి వాడే పిన్ కొట్టాను, ఒప్పుకోలేదు. ఇక్కడ మేనకోడలు ఆదుకుంది. పదకొండు దాటినా వీడియో కాల్‌లో ఓపిగ్గా కూర్చుంది. పిన్ ఆ ఒక్క యంత్రం ముందు కూర్చున్నవారికే, నెట్‌వర్క్ మీదుగా వచ్చేవారికి అసలు పాస్‌వర్డే కావాలి అని చెప్పింది. నా ఖాతా పాస్‌వర్డ్ కింది ల్యాప్‌టాప్‌లో పెట్టనివ్వలేదు. డెస్క్‌టాప్‌లో 'అమ్మ' పేరుతో వేరే ఖాతా తెరిపించి, పద్యాల ఫోల్డరుకు చదివే అనుమతి మాత్రమే ఇప్పించింది. ఆ ఫోల్డరు ప్రాపర్టీస్‌లోని షేరింగ్‌లోనూ సెక్యూరిటీలోనూ, రెండు చోట్లా ఆ అనుమతి ఉందో లేదో సరిచూడమంది. ఇప్పుడు కిందినుంచి పొరపాటున ఏది నొక్కినా ఒక్క పద్యం కూడా చెరిగిపోదు. చిన్నపిల్ల అనుకున్న మనిషికి తాతగారి పాటల మీద ఇంత జాగ్రత్త ఉందని ఆ రాత్రి తెలిసింది.

డెస్క్‌టాప్ చిరునామా మారకుండా రౌటర్‌లో కట్టేయడం, అది నిద్రలోకి జారకుండా చూసుకోవడం మర్నాడు వాళ్లు చెబుతుంటే నేనే చేసుకున్నాను. బాబాయిగారికి ఏదైనా ఇవ్వబోతే చేయి అడ్డుపెట్టి, టీ మాత్రం తాగి వెళ్లారు. ఆ క్యాలెండర్ కాగితం పై రౌటర్ పక్కన గోడకు అంటించాను. మన వీధిలో ఎవరికి ఇలాంటి చిక్కు వచ్చినా వచ్చి చూసుకోండి.

నిన్న అమ్మ మూడో క్యాసెట్టు పెట్టించుకుని విన్నది. అందులో ఒక పద్యం మధ్య నాన్నగారు ఆగి మంచినీళ్లు అడుగుతారు. 'ఇదిగో' అన్న గొంతు అమ్మది. ఆ చోటునే నాలుగుసార్లు వెనక్కి తిప్పించుకుంది. బాబాయిగారూ, ఆదివారం రాత్రి భోజనానికి పిన్నిగారితో కలిసి తప్పక రమ్మని చెప్పమంది. మీరు వచ్చాక నాలుగో క్యాసెట్టు పెడతాను.