జూనియర్ల మీద ప్రయోగం మొదలుపెట్టే ముందు

చి. ల. సౌ. సుధకు నాన్న ఆశీస్సులు.

నీ ప్రాజెక్టు ప్రణాళిక శ్రద్ధగా చదివాను. సైకాలజీ నా సబ్జెక్టు కాకపోయినా, డిగ్రీ కళాశాలలో స్టాటిస్టిక్స్ చెప్పిన అలవాటుకొద్దీ కొన్ని మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను. హాస్టల్లో జూనియర్లకు తెలివితేటల పరీక్ష పెట్టి, సగంమందికి మార్కులు బాగా తగ్గాయని అబద్ధం చెప్పి, వెంటనే ఒక పదాల జాబితా ఇచ్చి ఎన్ని గుర్తుంచుకున్నారో చూస్తానన్నావు. నిరుత్సాహం వల్ల జ్ఞాపకశక్తి తగ్గుతుందా అన్న ప్రశ్న మంచిదే. పేచీ అంతా దాన్ని అడిగే తీరులో ఉంది.

ఎ సెక్షన్ వాళ్ళకు ఉదయం అబద్ధం, బి సెక్షన్ వాళ్ళకు భోజనం తరవాత నిజం చెబుతానన్నావు. అప్పుడు తేడా కనిపిస్తే అది అబద్ధం వల్ల వచ్చిందో, మధ్యాహ్నపు నిద్రమత్తు వల్ల వచ్చిందో, అసలు ఆ సెక్షన్లే వేరు కావడం వల్ల వచ్చిందో ఎవరూ తేల్చలేరు. పేర్లన్నీ కలిపి చీటీలు తీసి, ఎవరు ఏ గుంపులో పడాలో వాటికే వదిలెయ్యి. జవాబులు దిద్దే మనిషికి ఎవరు ఏ గుంపో తెలియకూడదు. జాబితాలో ‘సముద్రం’ ఉంటే ఒక అమ్మాయి ‘సంద్రం’ అని రాసిందనుకో, మార్కు వెయ్యాలా వద్దా? గుంపు తెలిసిన చెయ్యి, తనకు తెలియకుండానే, నీ పరికల్పన వైపు, అంటే నువ్వు ముందే ఊహించుకున్న ఫలితం వైపు మొగ్గుతుంది. కాబట్టి ఆ నియమాన్ని ముందే కాగితం మీద పెట్టాలి. 2015లో వంద సైకాలజీ అధ్యయనాలను తిరిగి చేసి చూస్తే, సుమారు 36 శాతమే మళ్ళీ గణాంకపరంగా నిలిచాయి. దానికి కారణాలు అనేకం కానీ, ఇలాంటి నిర్ణయాలను ఫలితం చూశాక తీసుకోవడం వాటిలో ఒకటని నా అభిప్రాయం.

ఇక అబద్ధం సంగతి. పైవాడు ఆదేశిస్తే మనుషులు ఎంతదాకా లోబడతారో చూసిన అమెరికన్ మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ ప్రయోగం మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో, జ్ఞాపకశక్తి మీద అధ్యయనమని పత్రికలో ప్రకటన ఇచ్చి, నాలుగున్నర డాలర్లకు మనుషులను రప్పించాడు. టీచరు ఎవరు, విద్యార్థి ఎవరు అని చీటీ తీయించారు. రెండు చీటీల మీదా ‘టీచరు’ అనే ఉంది. పక్కగదిలోని ‘విద్యార్థి’ తప్పు చెప్పినప్పుడల్లా ‘టీచరు’ అతనికి షాకిచ్చే స్విచ్చులు 15 వోల్టుల నుంచి 450 దాకా వరసగా నొక్కుతూ పోవాలి. నిజానికి కరెంటు లేదు, ఆ మనిషి మిల్‌గ్రామ్ మనిషే. మొదటి నలభైమందిలో 26 మంది చివరి స్విచ్చు దాకా వెళ్ళారు. చెమటలు పడుతూ, వణుకుతూ, పెదవులు కొరుక్కుంటూ వెళ్ళారు. పద్ధతిగా చూస్తే నాకు ఇందులో మెచ్చుకోవలసింది కనిపిస్తుంది: ఒక్కొక్క అంశాన్నే మార్చి మళ్ళీ మళ్ళీ పరీక్షించాడు. ల్యాబ్ కోటు వేసుకుని పక్కనే ఉండి ఆదేశాలిచ్చే వ్యక్తి గదిలోంచి వెళ్ళి ఫోన్లో చెప్పినప్పుడు, చివరిదాకా వెళ్ళినవాళ్ళు పాల్గొన్నవాళ్ళలో ఐదోవంతుకు పడిపోయారు.

కానీ 1964లో డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వవేత్త అడిగిన ప్రశ్న, నమ్మి వచ్చినవాళ్ళను అంత వేదన పెట్టడానికి ఏమి హక్కు ఉందన్నది, నేటికీ బలమైనదే. పాల్గొన్నవాళ్ళలో 84 శాతం మంది తరవాత సంతోషమే వ్యక్తం చేశారని మిల్‌గ్రామ్ సమాధానం. అది నన్ను ఒప్పించలేదు. అడగకుండా చేసినదానికి ఆ తరవాత దొరికిన మెప్పు, ముందుగా తీసుకోవలసిన సమ్మతి కాదు. ఇంకో మాట. కేవలం వచ్చినందుకే ఆ డబ్బు, ఏం జరిగినా అది మీదేనని వాళ్ళకు ముందే చెప్పారు, అంటే లేచి వెళ్ళిపోతే పోయేది ఏమీ లేదు. అయినా కోటు వేసుకున్న మనిషి ‘దయచేసి కొనసాగించండి’ అంటే ఎక్కువమంది కదలలేదు.

నీ జూనియర్ల దగ్గర ఆ కోటు నీదే, అమ్మా. మెస్సులో రోజూ ఎదురుపడే సీనియర్ అక్క సంతకం పెట్టమంటే, ఎప్పుడైనా మానేయవచ్చని కాగితం మీద ఉన్నా, ఎంతమంది మానేస్తారు? వాళ్ళనే ఎంచుకోవడానికి కారణం దగ్గరలో ఉండడమే అయితే అదీ ఆలోచించవలసిందే. అమెరికాలోని టస్కీజీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న పేద నల్లజాతి పురుషులను వైద్యం ఇవ్వకుండా గమనిస్తూ కూర్చున్న దారుణం బయటపడ్డాక మనుషుల మీద పరిశోధనకు నైతిక సూత్రాలు చెబుతూ 1979లో వచ్చిన బెల్మాంట్ నివేదిక, వ్యక్తుల పట్ల గౌరవం, మేలు చేయడంతో పాటు న్యాయాన్ని కూడా ఒక సూత్రంగా పెట్టింది అందుకే. నీ పనిని దానితో పోల్చడం లేదు, భయపడకు.

దారి లేకపోలేదు. 2009లో ప్రచురించిన అధ్యయనంలో జెర్రీ బర్గర్ అనే మనస్తత్వవేత్త మిల్‌గ్రామ్ ప్రయోగాన్నే మళ్ళీ చేసి, 150 వోల్టుల దగ్గర ఆపేశాడు. తట్టుకోలేనివాళ్ళను ముందే వడకట్టాడు, ఆపగానే నిజం చెప్పేశాడు. నువ్వయితే అబద్ధమే అక్కర్లేదు. ఒక గుంపుకు సులువైన అక్షరాల చిక్కుముడులు, మరో గుంపుకు నిజంగానే కష్టమైనవి ఇస్తే నిరుత్సాహం దానంతటదే వస్తుంది. నీకు పరిచయం లేని విభాగం నుంచి మనుషులను పిలువు, పిలుపు నీ గైడు ద్వారా వెళ్ళనీ. చివర అందరికీ అసలు ఉద్దేశం చెప్పి, తమ జవాబులు తీసెయ్యమన్నవాళ్ళవి తీసెయ్యి.

ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రాకుండా ఒక్కరిని కూడా కూర్చోబెట్టవద్దు. సమ్మతి పత్రం తెలుగులోనూ తయారు చేసి చిత్తుప్రతి పంపు; నేనూ మీ అమ్మా చదివి, అర్థం కాని చోట్ల గీతలు గీసి పంపుతాము.

ఇట్లు,
మీ నాన్న