మన కాలనీ మహిళా సంఘం వార్షిక నివేదిక: 2025-26

సభ్యులందరికీ నమస్కారం. ఎప్పటిలాగే ఈ ఏడాది చలివేంద్రం నడిపాం, బోనాలు, బతుకమ్మ చేసుకున్నాం, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టాం. ఆ ఫొటోలు మీ అందరి ఫోన్లలో ఉన్నాయి, మళ్లీ రాయను. ఏప్రిల్‌లో మూడు రోజులు తెల్లవారుజామున వేపచెట్టు కింద టమాట ఉడికించి సీసాల్లో పట్టిన పని మాత్రం వివరంగా రాయాలి. ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోవాల్సింది అదే.

2023 జులైలో టమాట కిలో వంద దాటినప్పుడు ఎంత ఇబ్బంది పడ్డామో గుర్తుంది కదా. చవకగా దొరికినప్పుడే ఉడికించి సీసాల్లో పట్టుకుందామని అప్పుడే అనుకున్నాం. 2024 ఎండాకాలం ఎవరింట్లో వాళ్లు చేశాం. అది చాలా కష్టమైంది. పైన కాలే స్లాబు, కింద గంటల తరబడి మరిగే నీళ్లు. కూలర్ వేసినా లాభం లేదు. ప్యాడ్లలో నీళ్లు ఆవిరైతేనే కూలర్ గాలి చల్లబడుతుంది. ఇల్లంతా వంటింటి ఆవిరే నిండితే ఆ నీళ్లు ఎట్లా ఆరుతాయి? ఒళ్లంతా జిగట తప్ప చల్లదనం లేదు. మా అత్తమ్మకు ఆ రోజే కళ్లు తిరిగాయి. ఇక ఈ పని ఇంట్లో చేయొద్దని ఆమె మంచం పక్కన కూర్చున్నప్పుడే నిర్ణయించుకున్నాను.

అందుకే ఈసారి పొయ్యి బయటికి వచ్చింది. వంటవాళ్ల దగ్గర రెండు బట్టీ పొయ్యిలు, రెండు పెద్ద గంజులు కిరాయికి తెచ్చాం. మంటకు గాలి తగలకుండా చుట్టూ రేకులు నిలబెట్టాం. లక్ష్మీపురం మార్కెట్ నుంచి నాలుగు ట్రేల టమాట ముందురోజే తెచ్చి కడిగి పెట్టుకుని, నాలుగింటికి పొయ్యి వెలిగించి, ఎండ ముదరకముందే ఎనిమిదింటికల్లా ఆర్పేశాం. మూడు రోజులూ అంతే. ఎవరి వంటింట్లోనూ అగ్గిపుల్ల గీయలేదు.

చేసిన పద్ధతి కొత్త సభ్యుల కోసం రాస్తున్నాను. టమాటను వేడినీళ్లలో ముంచి తోలు తీసి, నలిపి, అయిదు నిమిషాలు ఉడికించాలి. అర లీటరు సీసాకు పావు టీస్పూను నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) ముందే వేయాలి. ఇంట్లో పిండిన నిమ్మరసం పులుపు ఒక్కో కాయకు ఒక్కో తీరు ఉంటుంది, దాన్ని నమ్ముకోవద్దు. పైన అర అంగుళం ఖాళీ వదిలి మూత బిగించాలి. గంజు అడుగున బట్ట పరచి, దాని మీద సీసాలు నిలబెట్టి నీళ్లు పోయాలి. బట్ట లేకపోతే సీసా పగులుతుంది. మూతల మీద ఇంకో అంగుళం నీళ్లు నిలవాలి. నీళ్లు మరగడం మొదలైనప్పటి నుంచి 35 నిమిషాలు లెక్క. మరిగాక మంట తగ్గించి గంజు మీద మూత పెట్టొచ్చు. కుతకుత ఉడికినా, ఎగిరెగిరి పొంగినా నీళ్ల వేడి ఒకటే. మంట తగ్గిస్తే గ్యాస్ మిగులుతుంది, ఆవిరి తగ్గుతుంది.

మొత్తం 131 సీసాలు పట్టాం. నాలుగు పగిలాయి. చల్లారకముందే ఎవరో తెచ్చి కూలర్ ముందు పెట్టారు. వేడి సీసాకు చల్లగాలి తగిలితే అంతే. మరో తొమ్మిదింటి మూతలు సరిగా పట్టలేదు, వాటిని ఫ్రిజ్‌లో పెట్టి ఆ వారంలోనే వాడేశాం.

ఇక్కడ ఒక మాట. గోకరకాయ, చిక్కుడుకాయ కూరలు కూడా ఇట్లాగే సీసాల్లో పట్టుకుందామని కొందరు అడిగారు, నేను వద్దన్నందుకు కోపం తెచ్చుకున్నారు. నాకు ఎవరి మీదా పంతం లేదు. పులుపు లేని వాటిలో బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే క్రిమి బీజాలు మరిగే నీళ్లకు చావవు. మూత బిగిసిన సీసాలో, గాలి లేనిచోటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. రంగు, వాసన మారకుండానే ఉండొచ్చు. మనం ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్ కూడా ఈ పనికి పరీక్షించింది కాదు. నేను కార్యదర్శిగా ఉన్నంతకాలం ఈ విషయంలో మాట మార్చను.

మేలో పెట్టిన మామిడికాయ తొక్కుకు పొయ్యి అవసరమే రాలేదు, ఎండే పని చేసింది. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాటా మిర్చి కారం వాడాం. ఘాటు తక్కువ, ఎర్రదనం ఎక్కువ. పిల్లలు కూడా తిన్నారు.

ఇక మనసులో ఉన్నది చెప్పాలి. పనికి వస్తామని పేర్లు ఇచ్చినవాళ్లు పంతొమ్మిది మంది. మొదటి రోజు వచ్చింది ఏడుగురు, మూడో రోజు అయిదుగురు. సీసాలు పంచే రోజు మాత్రం అందరూ వచ్చారు. కమ్యూనిటీ హాలు వెనక నీడలో చేసుకుంటామని అనుమతి కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. సార్ మీటింగ్‌లో ఉన్నారన్నదే జవాబు. హాలు తాళం ఈరోజుకీ మా చేతికి రాలేదు.

చెట్టు నీడ ఇచ్చిన మూలమీది ఇంటివారికి, బోరు నీళ్లు ఇచ్చిన ఎదురింటి అన్నకు, మూడు రోజులూ ఆటో కిరాయి తీసుకోని తమ్ముడికి, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చి టమాట తోలు తీసిన నర్సు చెల్లెకు, టైమ్ చూసి కేకేసిన పదో తరగతి పిల్లలకు, ఉప్మా చేసి తెచ్చిన అధ్యక్షురాలు అక్కకు, చివరి సీసా దాకా కదలని ఆ అయిదుగురికి సంఘం తరఫున నిండు మనసుతో ధన్యవాదాలు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి చదివి వినిపిస్తారు. బిల్లులన్నీ ఉన్నాయి, చేతిలో మిగిలింది 2,340 రూపాయలు. చందా బాకీ ఉన్నవాళ్లు ఈరోజే కట్టండి.

వచ్చేసారి ఫిబ్రవరిలోనే, ఎండలు ముదరకముందే మొదలుపెడదామని కార్యవర్గం అనుకుంటోంది. దానికి ఈరోజు మీ ఆమోదం కావాలి. పాత మూతలు రెండోసారి సరిగా పట్టవు, కొత్తవి సంఘమే కొంటుంది. మీ ఇళ్లలో ఉన్న ఖాళీ సీసాలు మాత్రం కడిగి, అంచులు పగల్లేదని చూసి, ఆదివారంలోపు మా ఇంటి వరండాలో పెట్టండి.

కార్యదర్శి