శ్రద్ధాంజలి ప్రకటనలో పోయినాయన కూడా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మీ కడప జిల్లా ఎడిషన్ లోపలి పేజీల్లో వచ్చే శ్రద్ధాంజలి ప్రకటనల గురించి ఈ ఉత్తరం. తొంభై ఏళ్ళు బతికి, ఇంటిల్లిపాదినీ సాకి, ఊళ్ళో ఎవరితోనూ మాట పడకుండా వెళ్ళిపోయిన పెద్దాయనకు ఆ ప్రకటనలో దక్కేదేమిటి? ఒక మసక ఫోటో, ఆత్మశాంతి కోరుతూ ఒక వాక్యం, దాని కింద ముప్పై పేర్లు. కొడుకులు, కోడళ్ళు, అల్లుళ్ళు, మునిమనవళ్ళు అందరూ ఉంటారు, ఆయనే ఉండడు. పదవులు చేసినవాళ్ళు పోతే వార్త వస్తుంది. మగ్గం నేసుకుంటూనో, సేద్యం చేసుకుంటూనో సంసారం ఈదిన మెత్తని మనిషి గురించి అచ్చులో మిగిలేది ఈ ప్రకటన ఒక్కటే. వీటిని, దినం కార్డులను టైపు చేసే పనిలో ఉన్నవాళ్ళం గనుక తప్పులు ఎక్కడ పడతాయో రాస్తున్నాం.

మొదటిది వయసు. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే చాలాసార్లు అది పుట్టినరోజు కాదు. తేదీ తెలియక వయసు మాత్రమే చెప్పినవాళ్ళకు అలా పడుతుంది. బడి సర్టిఫికెట్‌లో జూలై 1 ఉన్నా అనుమానించాల్సిందే, బడిలో చేర్చుకునేటప్పుడు అయ్యవారు వయసు సరిపెట్టి వేసిన తేదీ అయి ఉంటుంది. పెద్దాయన ఉన్నప్పుడే తెలుగు సంవత్సరం పేరు అడిగి రాసి పెట్టుకోండి. స్వభాను అంటే 1943 ఉగాది నుంచి 1944 ఉగాది దాకా, తారణ అంటే ఆ మరుసటేడు. అదీ గుర్తులేకపోతే కరువును పట్టుకోవాలి. 1952 కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టినారు. "అబ్బా (తాతా), గంజి కేంద్రం కాడికి నడిచి పోయినావా, నిన్ను ఎత్తుకుపోయినారా?" అని అడిగితే రెండు మూడేళ్ళ తేడాతో వయసు తేలుతుంది. బడిలో అణాల లెక్కలు చేసినాడా, నయాపైసల లెక్కలు చేసినాడా అన్నది ఇంకో ఆనవాలు; నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న.

ఇక రాత. "సౌమ్యుడు, అజాతశత్రువు, ఆప్యాయతకు మారుపేరు" అని రాస్తే ఎవరికైనా అతుకుతుంది. ముప్పై ఏళ్ళు ఉద్యోగానికి బయటే ఉన్న పెద్దకొడుకును కాదు, జేజిని (ఆయన భార్యను) అడగండి, చిన్నకోడలిని అడగండి, పక్కింటి మగ్గం ఆయనను అడగండి. తెల్లారి లేస్తూనే ఏం చేసేవాడు, చేతికి డబ్బు వస్తే మొదట ఎవరికిచ్చేవాడు, ఇంట్లో గొంతులు లేస్తే ఎక్కడికి పోయి కూర్చునేవాడు. "మగ్గం గుంటలోకి దిగేముందు కోడలికి బిందెలు నింపి పెట్టేవాడు" అన్న ఒక్క వాక్యం పది విశేషణాలను తోసేస్తుంది. పంపకాల్లో రోడ్డు పక్క చేను తమ్ముడికి విడిచిపెట్టినాడన్నది కూడా మంచి మాటే, కానీ ఆ చేను మీద వ్యాజ్యం నడుస్తుంటే అచ్చు వేయించకండి. మొత్తం 60, 70 మాటలు సరిపోతాయి.

ఫోటో దగ్గర జరిగే నష్టం మళ్ళీ పూడేది కాదు. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన పాత ఫోటోను లాగితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. లాగకుండా ఫ్రేమును వసారా నీడలో నిలబెట్టి, ఫ్లాష్ ఆపి, మీ నీడ అద్దంలో పడకుండా కాస్త పక్కకు జరిగి తీయండి. అతుక్కోని పాస్‌పోర్టు ఫోటో అయితే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాదు, డాక్యుమెంటుగా పంపాలి, లేకపోతే అది కుదించేస్తుంది. పత్రిక కాగితం సిరాను పీల్చి నలుపు పెంచుతుంది కాబట్టి ముఖాన్ని కొంచెం తేలిక చేయాలి. తెల్లచొక్కా వెనక తెల్ల నేపథ్యం ఉంచితే భుజాలే కనపడవు, లేత బూడిద రంగు వేయించండి.

మా పనివాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. తొందరలో పాత ఫైలు తెరిచి పేరు మార్చేస్తారు. అప్పుడు హిందువుల ప్రకటనలో క్రైస్తవులు రాసే "ఆదరణ కూడిక" మిగిలిపోతుంది, మగాయన పేరు ముందు "శ్రీమతి" ఉండిపోతుంది. ఫోన్లలో వాడే యూనికోడ్‌లో వచ్చిన పాఠాన్ని అచ్చుపనికి వాడే 'అను' ఫాంట్లలోకి మార్చినప్పుడు ఒత్తులు జారిపోతాయి. కృష్ణ, జ్ఞాన, లక్ష్మి ఉన్న పేర్లను విడిగా చూడాలి.

పేరును ప్రకటనకూ మరణ నమోదుకూ ఒకే కాగితం నుంచి ఎక్కించడం మేలు. నమోదుకు గడువు 21 రోజులు. 30 దాటితే స్వీయ ధ్రువీకరణ పత్రం, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. దినాల హడావిడిలో 21 రోజులు ఇట్టే గడుస్తాయి.

మీతో మా మనవి రెండే. బంధువుల పేర్లకు ఇచ్చే చోటులో సగం ఆయన జీవితానికి ఇమ్మని ప్రకటన తీసుకునే దగ్గరే ఇంటివాళ్ళకు చెప్పించండి. అచ్చుకు పోయేముందు ప్రూఫ్ వాళ్ళ ఫోనుకు పంపి పేరు, ఇంటిపేరు, ఊరు, దినం తేదీ చదివించండి. తేదీ ఒక్కటి తప్పు పడితే, వంటపాత్రలు కడిగేసిన మరుసటి రోజు బంధువులు బస్సు దిగుతారు.

ఇట్లు,
డీటీపీ పనివాళ్ళు, ప్రొద్దుటూరు