టెండర్‌లో అజైల్ అని రాస్తే సరిపోదు, మంత్రి గారూ

గౌరవనీయులైన తెలంగాణ ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. చివరి నాలుగేళ్లు స్క్రమ్ మాస్టర్‌గా, అంటే అజైల్ పద్ధతిలో పనిచేసే టీమ్‌కు దారి చూపే మనిషిగా, ఎక్కువగా ప్రభుత్వ ప్రాజెక్టుల్లోనే ఉన్నాను.

నేను చూసిన టెండర్లలో 'అజైల్ పద్ధతిలో చేయాలి' అనే వాక్యం తప్పకుండా ఉంటోంది. అజైల్ అంటే సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న భాగాలుగా కట్టి, వాడేవాళ్లకు చూపిస్తూ, మార్చుకుంటూ పోవడం. కానీ రెండేళ్ల తర్వాత ఏ స్క్రీన్ మీద ఏ బటన్ ఉండాలో కూడా అదే కాగితంలో ముందే రాసి ఉంటోంది. ఏదైనా మార్చాలంటే చేంజ్ రిక్వెస్ట్, దానికో కమిటీ, కమిటీకో ఫైలు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది కలిసి అజైల్ మేనిఫెస్టో రాశారు. ప్లాన్‌ను పట్టుకుని వేలాడటం కంటే మార్పుకు తగ్గట్టు నడుచుకోవడానికే ఎక్కువ విలువ ఇస్తామని అందులో చెప్పారు. మనం ఆ పేరు తీసుకున్నాం, ఆ మాట వదిలేశాం.

ఒక శాఖ కోసం మేం దరఖాస్తుల యాప్ చేశాం. రికార్డులో ఉన్న ఫోన్‌కు ఓటీపీ వెళ్తుంది, మూడు నిమిషాల్లో కొట్టాలి. టెండర్‌లో అలాగే ఉంది, అలాగే చేశాం. లైవ్ అయిన రెండో వారంలో నేను ఒక మండల కేంద్రంలో మీసేవకు వెళ్లి కూర్చున్నాను. ఒక పెద్దాయన వచ్చారు. ఆయన రికార్డులో ఉన్న నంబరు కొడుకుది. ఆ అబ్బాయి హైదరాబాద్‌లో డ్యూటీలో ఉన్నాడు. ఫోన్ ఎత్తి, మెసేజ్ వెతికి, అంకెలు చెప్పేలోపు గడువు అయిపోయింది. మూడుసార్లూ అంతే. నాలుగోసారికి లాక్ పడింది. 'రేపు రా పెద్దాయనా' అన్నాడు ఆపరేటర్. ఆయన ఒక్క మాట అనకుండా కాగితాలు కవర్లో పెట్టుకుని బస్టాండ్ వైపు నడిచారు.

ఆ గడువు పెంచడం మాకు అరగంట పని. అనుమతి రావడానికి నాలుగు నెలలు పట్టింది. రోజూ ఇలా ఎంతమంది వెనక్కి వెళ్తున్నారోనన్న టెన్షన్ ఆ నాలుగు నెలలూ నన్ను వదల్లేదు. మొదటి స్ప్రింట్‌లోనే, అంటే మొదటి రెండు వారాల పని విడతలోనే, సగం తయారైన స్క్రీన్‌తోనైనా సరే, ఆ ఆపరేటర్ పక్కన కూర్చుని ఉంటే ఈ సంగతి అప్పుడే తెలిసేది.

మా ప్రాజెక్టులో ప్రాడక్ట్ ఓనర్ (ఏ పని ముందు చేయాలో టీమ్‌కు చెప్పాల్సిన వ్యక్తి) అని రాసి ఉన్న అధికారి చాలా మంచివారు. కానీ ఆయనకు ఇంకో మూడు బాధ్యతలు ఉన్నాయి, ఏది ముందు చేయాలో తేల్చే అధికారం మాత్రం లేదు. ఏం అడిగినా 'పైన అడిగి చెప్తాను' అనాల్సి వచ్చేది. నిర్ణయం రాకపోతే టీమ్ ఊహించుకుని కోడ్ రాస్తుంది.

తప్పంతా ప్రభుత్వానిదే అనను. మా కంపెనీల్లోనూ టీమ్ రోజూ కలిసి మాట్లాడుకునే 15 నిమిషాల స్టాండప్‌ను గంటసేపు మేనేజరుకు లెక్క అప్పజెప్పే మీటింగ్‌గా మార్చేశాం. ఒక పని ఎంత పెద్దదో అంచనా వేసే స్టోరీ పాయింట్లు అప్రైజల్‌కు ముడిపెట్టాం, దాంతో చిన్న పనికి కూడా పెద్ద అంకె వేస్తున్నారు. పని ఎలా సాగిందో టీమ్ వెనక్కి తిరిగి చూసుకునే రెట్రోస్పెక్టివ్‌లో బాస్ కూర్చుంటే జూనియర్లు నోరు విప్పరు. ఇవి మేమే సరిచేసుకోవాలి.

అన్నీ కట్టాక చివర్లో చూద్దామంటే ఏమవుతుందో 2013 అక్టోబర్‌లో అమెరికా చూసింది. అక్కడి ఆరోగ్య బీమా వెబ్‌సైట్ మొదటి రోజే కూలబడింది. మొత్తం కలిపి పరీక్షించింది చివరి రెండు వారాల్లోనే అని కాంట్రాక్టర్లు వాళ్ల కాంగ్రెస్ ముందు చెప్పారు. బ్రిటన్‌లో 2011లో గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ పెట్టారు. అక్కడ కొత్త సేవను ముందు ఆల్ఫాగా (తొలి నమూనా), తర్వాత బీటాగా (మెరుగుపరిచిన రూపం) నిజమైన జనం చేత వాడించి చూస్తారు.

నేను కోరేది పెద్దది కాదు. ఏదైనా ఒక్క సేవ ఎంచుకోండి. దానికి వేరే పని లేని ఒక అధికారిని, నిర్ణయించే అధికారం ఇచ్చి కూర్చోబెట్టండి. బిల్లును డాక్యుమెంట్లు చూసి కాకుండా, పనిచేస్తున్న భాగాన్ని మీసేవ ఆపరేటర్ వాడి చూశాక పాస్ చేయండి. చిన్న మార్పులు కమిటీకి వెళ్లకుండా టెండర్‌లోనే కొంత వెసులుబాటు రాయించండి.

రెండు వారాలకోసారి జరిగే డెమోల్లో ఒకదానికి మీరూ రండి. సెక్రటేరియట్‌లో వద్దు, మండల మీసేవలో పెడతాం.

ఇట్లు,
ఒక స్క్రమ్ మాస్టర్,
హైదరాబాద్