పై అంతస్తు చప్పుళ్లు

సంపాదకులకు,

అపార్ట్‌మెంట్లలో పై వాళ్లు కుర్చీ జరిపినా, రోట్లో దంచినా కింద వాళ్లకు నిద్ర ఉండదు. గొడవలు మనుషుల మధ్య జరుగుతాయి గానీ తప్పు చాలావరకు కట్టడానిది. మాటలు, టీవీ మోత గాలిలో వస్తాయి. వాటిని బరువైన గోడ ఆపుతుంది. గోడ బరువు రెట్టింపైతే మోత సుమారు 5-6 డెసిబెల్స్ తగ్గుతుంది. తలుపు కింద వేలెడు సందుంటే మాత్రం ఆ ఖర్చంతా వృథా. అడుగుల చప్పుడు సంగతి వేరు, అది స్లాబు గుండానే దిగుతుంది. టైల్స్ కింద రబ్బరు లాంటి మెత్తని పొర వేస్తే చాలా తగ్గుతుంది. కొందరు గోడలకు స్పాంజి షీట్లు అతికిస్తున్నారు. అవి గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయే తప్ప పక్కింటి టీవీని ఆపవు. పాపం, డబ్బు దండగ!

నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్దం 45 డెసిబెల్స్ మించరాదని 2000 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతిలో శబ్ద నియంత్రణకు ఒక విభాగమే ఉంది. బ్రోచర్లలో క్లబ్‌హౌస్, ఈతకొలను బొమ్మలు వేసే బిల్డర్లు గోడ మందమెంతో, స్లాబుపై ఏ పొర వేస్తున్నారో ఎందుకు రాయరు? అనుమతులిచ్చే మున్సిపల్ అధికారులు ప్లాన్‌తో పాటే ఈ వివరాలూ అడగాలి.

- ఒక అపార్ట్‌మెంట్ నివాసి, హైదరాబాద్