సిరా వయసు సరే, అసలు కాగితమేదీ?

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో దొంగ పట్టాల గురించి వేసిన వార్త చూశాను. 'సిరా వయసు తేల్చి ఇట్టే పట్టేస్తారు' అని రాశారు. అంత సులువైతే మన కోర్టుల్లో ఇన్ని భూతగాదాలు ఎందుకు మూలుగుతుంటాయి? బాల్ పెన్ను సిరాలోని ద్రావకం మెల్లగా ఆవిరైపోతుంది. ఒకటి రెండేళ్లు దాటాక దాన్ని కొలిచి తేల్చగలిగేది తక్కువ. ఫోరెన్సిక్ ల్యాబు వాళ్లు గట్టిగా చెప్పగలిగింది వేరే ఉంది. ఒకే కాగితం మీది రెండు రాతల సిరాలు వేరైతే ఆ సంగతి చాలాసార్లు పట్టేయగలరు. రెండూ ఒకే రకమని తేలితే మాత్రం ఒకే పెన్నుతో రాశారని చెప్పలేరు, అలాంటి పెన్నులు లక్షల్లో అమ్ముడవుతాయి మరి.

1.20 ఎకరాలను 7.20 చేశారనుకోండి. మామూలు కంటికి రెండూ నీలమే. ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులో పెడితే ఒక్కోసారి కొత్త సిరా మాయమై, పాత '1' మాత్రం నల్లగా నిలబడుతుంది. కాగితాన్ని గిల్లక్కర్లేదు, గీరక్కర్లేదు.

1954 జూన్ 18కి ముందు ఇచ్చిన డి.పట్టా (పేదలకు సర్కారు భూమి ఇస్తూ రాసే పట్టా) అయితే అమ్ముకోవచ్చన్న సంగతి మన వైపు పిల్లలకు కూడా తెలుసు. అందుకే ఇప్పుడు బయటికొచ్చే 'పాత' పట్టాలన్నీ 1953లోనే పుడుతున్నాయి. మా నాయన అప్పుడు కరణం. సిరా బిళ్ల నీళ్లలో కరిగించి, పాళీ ముంచి రాసేవాడు. జెల్ పెన్ను జపానులో పుట్టిందే 1984లో, మరి 1953 పట్టా మీద జెల్ సంతకం ఎలా వచ్చింది? 'మండల' రెవెన్యూ అధికారి ముద్ర కూడా ఉంటే ఇక ల్యాబు దేనికి? మండలాలు వచ్చిందే 1985లో!

మా బావమరిది పొలం వ్యవహారంలో అవతలివాళ్లు తెచ్చిన పట్టా మీద మాకు అనుమానమొచ్చింది. ఆఫీసు వాళ్లు పరీక్షకు పంపింది జిరాక్స్! జిరాక్స్‌లో ఉండేది టోనరు పొడి, దాంట్లో ఏ సిరాను పోలుస్తారు? వెనక్కి తిరిగొచ్చాక అసలు కాగితం అడిగితే, పదిలంగా ఉండాలని లామినేషన్ చేయించారట, ప్లాస్టిక్ అతికించాక ఇక సిరాను పరీక్షించడం కష్టమే. పోల్చి చూడటానికి ఆ కాలం అడంగల్ (ఊళ్లోని పొలాల వివరాలు రాసే రిజిస్టరు) ఇవ్వమంటే చెదలు తిన్నాయన్నారు. మన ఆఫీసుల్లో చెదలకు కావలసిన పుస్తకాలే రుచిస్తాయి లెండి.

ఇప్పుడంతా ఆన్‌లైన్, ఇక ఫోర్జరీ ఉండదంటారు. పాత రికార్డులో తప్పుంటే అదే తప్పు కంప్యూటర్లోకి ఎక్కుతుంది, అంతే తేడా. సర్వర్ డౌన్ అని రోజంతా కూర్చోబెట్టడం అదనం.

కలెక్టర్ గారు ఒక సర్క్యులర్ ఇస్తే బాగుంటుంది: అనుమానం వచ్చిన రోజే అసలు పట్టాను, అదే కాలపు రిజిస్టరును సీలు కవరులో పెట్టి ల్యాబుకు పంపాలని, లామినేషన్ చేయరాదని. ఆ సర్క్యులర్ మీద సంతకం ఏ పెన్నుతో పెట్టినా మాకు అభ్యంతరం లేదు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పత్తికొండ, కర్నూలు జిల్లా