ఒరేయ్ సూరీ, ఆ చీము సంగతి విను!

ఒరేయ్ సూరీ,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని ఏమనుకోకురా. అమ్మ కులాసా. చెల్లి పెళ్ళి మాఘంలో, నువ్వు రావాల్సిందే. మిగతావి ఫోన్లో. మా ల్యాబులో తేలిన ఈ కేసు మాత్రం రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

శ్రీకాకుళం వైపు రైతు, యాభై దాటిన మనిషి, షుగరుంది. జ్వరం, తలనొప్పి, తర్వాత కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. ఎమ్మారైలో మెదడులో చీముగడ్డలు. ఎక్కడో టీబీ మందులు మొదలుపెట్టారు, గుణం లేదు. మన దగ్గర ముందు టీబీయే తడుతుంది, వాళ్ళని తప్పుపట్టలేను. ఇక్కడ ఆపరేషన్ చేసి తీసిన చీము మా ల్యాబుకి వచ్చింది.

స్లైడు మీద గ్రామ్ నెగటివ్ కడ్డీలు, అంటే గ్రామ్ రంగు వేస్తే ఎర్రగా కనిపించే కడ్డీల్లాంటి బ్యాక్టీరియా. రెండు చివర్లా రంగు, మధ్యలో ఖాళీ, అచ్చం పిన్నీసు! చీముని పెంచిన ప్లేటు మీద కాలనీలు, అదే క్రిమి గుంపులు, రాగానే "సూడోమొనాస్ అనే మామూలు బ్యాక్టీరియాయే, బయట నుంచి పడుంటుంది, పారేయ్" అన్నారొకరు. నాకు మనసొప్పలేదు. ప్లేటు మీద యాంటీబయాటిక్ బిళ్ళలు పెట్టి చూస్తే జెంటామైసిన్ చుట్టూ దట్టంగా పెరిగింది, కోలిస్టిన్‌నీ లెక్కచెయ్యలేదు, ఆగ్మెంటిన్ చుట్టూ మాత్రం క్రిమి పెరగని శుభ్రమైన వలయం. ఆగ్మెంటిన్‌కి లొంగే సూడోమొనాస్‌ని ఎక్కడైనా చూశామట్రా? ఇంకో రోజు ఉంచితే కాలనీలు పొడిబారి ముడతలు పడ్డాయి. మేడమ్ చూడగానే ప్లేట్లన్నీ సేఫ్టీ క్యాబినెట్‌లోకి మార్పించారు, ఎవరూ వాసన చూడొద్దని గట్టిగా చెప్పారు. క్రిమి జన్యువుని పట్టే పీసీఆర్ పరీక్షతో ఖాయమైంది. మెలియాయిడోసిస్! అందులోనూ మెదడులో!

1912లో రంగూన్ నుంచి విట్‌మోర్, కృష్ణస్వామి అనే డాక్టర్లు రాసిన జబ్బు ఇదేరా. క్రిమి ఉండేది మట్టిలో, వరిమళ్ళ నీళ్ళలో. వానాకాలం కాలి గాయాల గుండా ఎక్కుతుంది, షుగరున్నవాళ్ళకి మరీ. మా నాన్న ఇప్పటికీ చెప్పుల్లేకుండానే చేలోకి... సరే, వదిలెయ్.

మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ సెలైన్‌లో ఎక్కుతోంది. కనీసం 8 వారాలు, ఆపైన కో-ట్రైమాక్సజోల్ మాత్రలు 6 నెలలు. నిన్న బొటనవేలు కదిపాడురా! వాళ్ళావిడ ఆ వేలు పట్టుకుని వదల్లేదు. నాకు గొంతు పూడుకుపోయింది.

నీ పీహెచ్‌సీకి వచ్చేదీ ఇలాంటి వాళ్ళే. షుగరు, వదలని జ్వరం, ఎక్కడో చీము, టీబీ మందులకి తగ్గకపోవడం కనిపిస్తే చీముని కల్చర్‌కి, అదే క్రిమిని పెంచి చూసే పరీక్షకి, పంపించు. కాగితం మీద అనుమానం ఫలానా అని తప్పకుండా రాయి, ల్యాబువాళ్ళు పారెయ్యరు, జాగ్రత్తగానూ ఉంటారు. ఇంకా నీ ట్రాన్స్‌ఫర్ గురించి... బ్లడ్ కల్చర్ మిషన్ మోగుతోంది, వెళ్ళాలి.

నీ,
బుజ్జి